దూది అంటుకున్న గోడ

గెడ్డవీధి, కంచరపాలెం,
విశాఖపట్నం.
18 సెప్టెంబరు 2025, గురువారం.

మల్కాపురంలో ఉన్న నా ఫాయిజాకి,

గెడ్డవీధి రోజారమణి రాస్తున్న ఉత్తరం ఇది. ముందుగా మీ అత్తగారు రసూల్ బీ పెద్దమ్మకి నా దండాలు. ఆవిడ మోకాళ్ల నొప్పులు తగ్గుముఖం పట్టాయని తలుస్తాను. మీ ఆయన నజీరన్నయ్యని అడిగానని చెప్పు. ఇక్కడ మా ఆయన, మా అత్త, పిల్లలు, నా కుట్టుమిషను, అందరం క్షేమం. నువ్వు కూడా క్షేమంగానే ఉండి ఉంటావు. కోపంలో ఉన్న మనిషికి జలుబు కూడా చెయ్యదు.

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరం రాస్తోంది, దీనికి మతిగానీ పోయిందా అనుకుంటావు. ఏం చెయ్యమంటావు? ఫోన్ చేస్తే ఎత్తవు. మొన్న మీ మరిది రఫీ ఎత్తి, వదిన పనిలో ఉంది అని పెట్టేశాడు. పక్కన నీ గొంతు నాకు వినబడుతూనే ఉంది. బస్సెక్కి వచ్చేద్దామంటే గుమ్మంలోంచే పంపించేస్తావేమోనని భయం. ఉత్తరాన్నయితే చించే ముందు ఒకసారి చదువుతావు. నీ ఆత్రం నాకు తెలియదా.

గెలిచామే ఫాయిజా. మన వీధి గెలిచింది. మొన్న మంగళవారం నుంచి నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, నిన్న ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమ చేతులే కుట్టి పెట్టాను. నీకు చెప్పకపోతే ఈ సంతోషం నా ఒంటికి పట్టేలా లేదు, అందుకే మిషను పక్కకి తోసి రాస్తున్నాను.

మొదట్నుంచీ చెబుతాను. నువ్వు వెళ్లిపోయాక ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు కదా. మన వీధి వెనక పాత ఇటుకబట్టీ పల్లం ఉంది చూడు, కొండ మీద పడ్డ వానంతా ముందు దాన్లోకి దిగి, అక్కడ నిలబడి, తీరిగ్గా గెడ్డ కాలువలోకి పోతుంది. ఆ పల్లం నిండిపోతే మన ఇళ్లలోకి వస్తుంది. కిందటేడు వచ్చింది, అందరికంటే ముందు నీ ఇంట్లోకి వచ్చింది. ఆ పల్లాన్ని ఒక కంపెనీ కొనుక్కుంది. మట్టి పోసి రోడ్డంత ఎత్తు చేసి, వరసగా అపార్టుమెంట్లు లేపుతారట. పైన ఈతకొలను కూడా ఉంటుందట. పల్లం పూడ్చేశాక మన వంటిళ్లే ఈతకొలనులు అవుతాయని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

అయితే ఆ నేల మాస్టర్ ప్లాన్‌లో ఖాళీగా వదిలెయ్యాల్సిన నేల. దాన్ని ఇళ్లు కట్టే నేలగా మార్చమని కంపెనీ అర్జీ పెట్టుకుంది. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోండి, మేం వచ్చి స్థలం చూస్తాం, ఆ తర్వాత అందరి ముందూ విచారణ పెడతాం అని ప్లానింగ్ ఆఫీసు వాళ్లు నోటీసు అంటించారు. అంటే ఒకే ఒక్క అవకాశం. ఆఫీసు సరే అందంటే లారీలు మర్నాడే దిగుతాయి.

కంపెనీ వాళ్ల రిపోర్టు నేను ఆఫీసుకి వెళ్లి చదివాను. ఈ వీధిలో ఏ వానాకాలంలోనూ చీలమండ దాటి నీళ్లు నిలిచిన దాఖలా లేదని రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. రసూల్ బీ పెద్దమ్మని మంచంతో సహా మేడ మీదకి మోసింది చీలమండ లోతు నీళ్లకా? కంపెనీ తరఫు ఇంజినీరు భీమశంకరరావు గారని ఒకాయన అక్కడే ఉన్నాడు. మా ఫోన్లలో మిగిలిన ఫోటోలు చూపించాను. నీళ్లు కనిపిస్తున్నాయి గానీ అది ఏ వీధో కనిపించడం లేదు కదమ్మా అన్నాడు. మెత్తటి మనిషి, గొంతు పెంచడు. అలాంటి వాళ్లతోనే కష్టం.

సరే, ఫోటోలు కాకపోతే గోడలున్నాయి అనుకున్నాను. మన వీధిలో ప్రతి ఇంటి గోడ మీదా నీళ్లు నిలిచిన మేర బురద చార ఉంది కదా. ప్లానింగ్ ఆఫీసరమ్మ వచ్చి కళ్లారా చూస్తే ఇంక రిపోర్టెందుకు? తనిఖీ గురువారం అన్నారు. ఈలోగా పద్మనాభంలో మా అక్క కూతురు దేవిశ్రీ సీమంతం. వెళ్లకపోతే అక్క జన్మలో మాట్లాడదు. వీధి బాధ్యత మన చలమయ్య మామకి అప్పగించి వెళ్లాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, అందరూ మాట వింటారు. ఆఫీసర్లు వస్తున్నారు, అన్నీ సిద్ధంగా ఉంచు మామా అని చెప్పాను. అలా చెప్పకుండా ఉండాల్సింది.

కిందటి గురువారం పొద్దున్నే బస్సు దిగి వీధి మొగలో అడుగు పెట్టానో లేదో కళ్లు జిగేల్మన్నాయి. ఫాయిజా, మన వీధి మొత్తానికి సున్నం కొట్టేశారు.

ఊరికే కొట్టడం కాదు. ముందు కొబ్బరి పీచుతో బురద చారలన్నీ గీకి గీకి కడిగి, ఆపైన రెండేసి పూతలు. ప్రతి గుమ్మం ముందూ ముగ్గు. కరెంటు స్తంభాలకి బంతిపూలు. అమ్మవారి పండగకి కూడా నేను మన వీధిని అంత తెల్లగా చూడలేదు. చలమయ్య మామ చేతులకి సున్నం, మొహం నిండా నవ్వు. ఏటి కోడలా అలా నిలబడిపోనావు, మన వీధి పెళ్లోరిల్లులా నేదేటి అని అడిగాడు.

మా ఇంటికి పరుగెత్తాను. మా గోడ కూడా మల్లెపువ్వే. మా అత్త జోగమ్మగారు దగ్గరుండి కొట్టించింది. ఎందుకు కొట్టించావత్తా, ఆ చారే కదా మన సాక్ష్యం అన్నాను. బురద మరకలేసుకుని పెద్దోళ్ల ముందు నిలబడతామేటే, నీకు సిగ్గు నేకపోతే మాకుండదేటి అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కానీ తప్పు ఎవరిదని అనను? మనం అంతే కదా. చుట్టం వస్తున్నాడంటే చిరుగుల దుప్పటి మంచం కిందకి తోసేస్తాం, ఇంట్లో ఏమీ లేకపోయినా పక్కింట్లో పంచదార తెచ్చి టీ ఇస్తాం. ఆఫీసర్లంటే వీళ్లకి చుట్టాలే.

అంతలో జీపు వచ్చేసింది. ఆఫీసరమ్మ చిన్న వయసే, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దిగింది. వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. మీ అర్జీలో నడుం లోతు నీళ్లొచ్చాయని రాశారు, ఎక్కడమ్మా అని అడిగింది. వెనక భీమశంకరరావు గారు ఊరికే గోడల వైపు చూసి నవ్వాడు. మా అత్త మజ్జిగ గ్లాసుతో వచ్చి, మా ఈది ఏడాది పొడుగునా ఇలాగే అద్దంలా ఉంటాదమ్మా అని ఆఫీసరమ్మకి గర్వంగా చెప్పింది. నేను కొంగు పట్టుకుని లాగినా ఆగదే. మన మీద మనమే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది.

ఇంక అయిపోయింది, రేపో మాపో లారీలు దిగుతాయి అనుకుంటూ తల తిప్పాను. నీ ఇల్లు కనిపించింది.

నీ గుమ్మం ముందు కూడా మా అత్త ముగ్గు పెట్టింది. కానీ గోడలు ముట్టుకోలేదు. ఇంటివాళ్లు లేకుండా సున్నం కొడితే బాగోదని చలమయ్య మామ వద్దన్నాడట. ఆ క్షణంలో ఆ ముసలాయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. బయటి గోడ వాన తాకిడికి కడుక్కుపోయింది గానీ లోపల, మీ పరుపుల కొట్టు గది, నువ్వు తాళం వేసి వెళ్లిన నాటి నుంచి ఎవరూ తెరవలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, పళ్లు నూరకు. ఆ గది చూడండి మేడమ్ అంటే, తాళంచెవి ఉందా అని ఆఫీసరమ్మ అడిగింది. ఉంది మేడమ్, ఫాయిజా నా దగ్గరే ఇచ్చి వెళ్లింది, వెతికి తెస్తాను అన్నాను. నువ్వు నాకు ఇచ్చింది తాళంచెవి కాదని, నాలుగు తిట్లని ఆవిడకి ఎందుకు చెప్పడం? లోపలికెళ్లి మా ఆయన చేతికి సుత్తి ఇచ్చి మీ పెరటి వైపు పంపించాను. నేను సైగ చేశాక ఒకే దెబ్బ. ఏమిటా చప్పుడు అని ఆఫీసరమ్మ అడిగితే, ఎవులో మేకులు కొట్టుకుంతన్నారులెండమ్మా అని మా అత్త చెప్పింది. ముసలిదానికి అప్పటికి సంగతి బోధపడింది. ముందు తలుపు తాళం తుప్పు పట్టింది మేడమ్, ఇలా రండి అని పెరట్లోంచి తీసుకెళ్లాను. కొత్త తాళం వేశాం. దాని చెవి ఈ కవర్లోనే అట్టముక్కకి అంటించి పెట్టాను, జాగ్రత్త.

గదిలోకి వెళ్లగానే ముక్కిన వాసన. కిటికీ తెరిచాను. వెలుగు పడేసరికి అందరం గోడల దగ్గరికి జరిగాం.

ఆ రోజు నజీరన్నయ్య దూది మూటలు నీళ్లకి విచ్చుకుపోయి, గదినిండా దూది తేలింది గుర్తుందా? నీళ్లు దిగేటప్పుడు ఆ దూదంతా గోడలకి అంటుకుపోయింది. నాలుగు గోడల చుట్టూ, కిటికీ గట్టు పైన, ఒకే ఎత్తులో, బురదలో గట్టిపడిన దూది. ఎవరో కూర్చుని గోడలకి అంచు కుట్టినట్టుంది. దాని పక్కన నిలబడితే నా నడుం దాటి ఉంది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆ పూట నువ్వు ఆ నీళ్లలో నిలబడి, తడిసిన పరుపులు బయటికి ఈడ్చావు. తర్వాత మీరు ఇల్లు ఖాళీ చేస్తుంటే వెళ్లొద్దని నేను నీ వెంటపడ్డాను. నీళ్లు నా ఇంట్లోకొచ్చినాయి, నీ మాటలతో ఆగవు అన్నావు. ఆ గది చూశాక ఆ మాట నాకు బాగా తెలిసొచ్చింది.

ఆఫీసరమ్మ వేలితో దూదిని తాకింది. టేపు తెప్పించి తనే కొలిచింది, ఫోటోలు తీయించింది. తర్వాత వెనక్కి తిరిగి, ఇది చీలమండా సార్ అని అడిగింది. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది. భీమశంకరరావు గారు కళ్లద్దాలు తుడుచుకుని, మా సర్వే ఎండాకాలంలో చేశారు మేడమ్ అన్నాడు. అబద్ధం కూడా చెప్పడం రాని మనిషి, పాపం.

ఇక్కడ కాసేపు ఆపాను. ఆ ఎడమ చేతుల జాకెట్టావిడ వచ్చింది. తిట్టకుండా వెళ్లింది, మన వీధి గెలిచిన సంగతి ఆవిడకీ తెలుసు. మళ్లీ మొదలుపెడుతున్నాను.

మంగళవారం కమ్యూనిటీ హాల్లో విచారణ. కుర్చీలు చాలక జనం కిటికీలు పట్టుకుని నిలబడ్డారు. ఇంత పొడుగు ప్రసంగం తయారుచేసుకుని అద్దం ముందు బట్టీపట్టి వెళ్లాను. మైకు చేతికివ్వగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆ పల్లం పూడిస్తే మేం మునిగిపోతాం మేడమ్, అంతే అని కూర్చున్నాను. దానికే హాలంతా చప్పట్లు. వెనక వీధి వాళ్లు లేచి, ఆటో పట్టని సందులో కంపెనీ లారీలు ఎలా పడతాయి, పిల్లలు బడికి ఎటు నుంచి వెళ్లాలి అని అడిగారు. తర్వాత చలమయ్య మామ లేచాడు. సున్నం కొట్టించింది నానేనమ్మా, ఇంటికి పెద్దోళ్లొత్తంటే గోడలు తుడుసుకోడం మాకలవాటు, మరకలు తుడిసేసినాం గానీ నీళ్లు రానేదని కాదు అన్నాడు. హాలంతా నవ్వింది, ఆఫీసరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తగ్గకముందే నీ గది ఫోటో గోడ మీద పెద్దగా వేసి చూపించారు. ఇంక ఎవరూ నవ్వలేదు.

చివరికి ఆఫీసరమ్మ లేచి అందరి ముందూ చెప్పింది. పల్లం పూడ్చడానికి వీల్లేదు, అది ఇప్పుడున్నట్టే ఖాళీగా ఉండాలి. కట్టుకునేదేదో ఎగువన గట్టు నేల మీదే కట్టుకోవాలి. వాళ్ల కప్పుల మీద పడ్డ వానని వాళ్ల స్థలంలోనే నిలబెట్టుకుని మెల్లగా వదలాలి, మన వీధిలోకి ఒక్క పైపు కూడా రాకూడదు. ఇదే రాసి పైకి పంపిస్తానంది. కంపెనీ వాళ్లు కూడా ప్లాను మార్చుకుని తెస్తామని ఒప్పుకున్నారు. కాగితం చేతికి రావడానికి ఇంకా టైం పడుతుంది. అందాకా నీ గది గోడని ఎవరినీ ముట్టుకోనివ్వను, మా అత్తని అసలే.

ఆ సాయంత్రం మన వీధి చూసుండాల్సింది. ఎక్కడి నుంచో డప్పులు వచ్చాయి. మా అత్త చలమయ్య మామతో కలిసి అడుగులేసింది, నడుం పట్టేసి నిన్నంతా మంచం మీదే ఉంది. అందరి నోటా నీ పేరే. ఫాయిజా గుంట ముందుసూపుతో తాళంసెవి ఇచ్చెల్లింది కాబట్టి బతికినాం అంటున్నారు. నేను కాదనలేదు. కొండ మీద దర్గాకి నీ పేరున చాదర్ ఇస్తానని మా అత్త మొక్కుకుంది. నీ ఇంటి ముందు ముగ్గు రోజూ ఆవిడే పెడుతోంది.

చాలా రాసేశాను. చేతులు నొప్పెడుతున్నాయి గానీ మనసు ఇంకా ఎగురుతూనే ఉంది. మళ్లీ వాన పడితే ఈసారి భయపడకుండా కిటికీలోంచి చూస్తాను. పక్క కిటికీలో నువ్వు కూడా ఉంటే ఇంకా బాగుంటుంది. రసూల్ బీ పెద్దమ్మకి మరోసారి దండాలు.

నువ్వు ఎంత విసుక్కున్నా నీ పక్కింటిదే అయిన,
రోజారమణి

తా.క. ఉత్తరం మడిచాక మళ్లీ విప్పాను. పైన రాసినదంతా నిజమే, ఒకటి మాత్రం వదిలేశాను.

ఆ రోజు మా ఆయన సుత్తి పట్టుకుని నా సైగ కోసం చూస్తున్నప్పుడు, భీమశంకరరావు గారు నన్ను పక్కకి పిలిచాడు. ఈ ఇల్లు మేం తీసుకుంటున్నామమ్మా, మా పైపు గెడ్డలోకి దింపడానికి ఈ చోటే కావాలి, ఫాయిజా గారు మాట ఇచ్చారు, వచ్చే నెల రిజిస్ట్రేషన్ అన్నాడు. పల్లం పని ఆగిపోతే ఈ ఇంటితో మాకు పని ఉండదు, ఆ తాళం తియ్యకపోతేనే మీ స్నేహితురాలికి మంచిది అన్నాడు. బెదిరించలేదు, ఉన్నమాట చెప్పాడు.

నువ్వు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో నాకు అప్పుడు తెలిసింది. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే గానీ నజీరన్నయ్య అక్కడ మళ్లీ కొట్టు పెట్టుకోలేడని కూడా తెలుసు. తెలిసే వెళ్లాను. మా ఆయన నా మొహం చూసి, కొట్టమంటావా అన్నట్టు ఆగాడు. నేను తలూపాను. మీ బేరం వద్దని కంపెనీ వాళ్లు ఈపాటికి మీకు చెప్పేసి ఉంటారు. దాన్ని చెడగొట్టింది వాన కాదు, ఆఫీసరమ్మ కాదు, నేను. వీధంతా ఒకవైపు, నువ్వొక్కదానివి ఒకవైపు అయ్యారు. నేను వీధి వైపు వెళ్లాను.

నువ్వు అమ్మబోయిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. మా ఆయనకి కూడా చెప్పలేదు, చెప్పను. వాళ్లు నీ పేరు అలాగే చెప్పుకోనీ. నువ్వు మాత్రం రా. వీధిలో నిలబడి తిట్టకు, అందరూ వింటారు. లోపలికొచ్చి, తలుపు గడియ పెట్టి తిట్టు. ఎంతసేపు తిట్టినా కూర్చుని వింటాను.